మ్యాన్‌స్ప్లెయినింగ్: పుస్తకం రాసినావిడకే ఆ పుస్తకం గురించి చెప్పిన పెద్దమనిషి

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఆస్పెన్ అని ఒక కొండ ఊరు ఉంది, డబ్బున్నవాళ్ల విడిది ఇళ్లకు పేరుపడ్డ చోటు. 2003లో ఆ ఊరి పైన కొండవాలులో ఒక పార్టీ జరిగింది. ఇంటాయన బాగా సంపాదించిన మనిషి, వయసులో పెద్ద. వచ్చినవాళ్లంతా బయల్దేరుతుంటే ఇద్దరు స్నేహితురాళ్లను మాత్రం ఇంకాసేపు ఉండమన్నాడు. వాళ్లలో ఒకావిడ రెబెక్కా సోల్నిట్, అప్పటికే నలభై దాటిన రచయిత్రి, ఆరేడు పుస్తకాలు వచ్చి ఉన్నాయి. "మీరేవో ఒకటి రెండు పుస్తకాలు రాశారట కదా" అని మొదలుపెట్టాడాయన, స్నేహితుడి ఇంట్లో ఏడేళ్ల పిల్లను పిలిచి 'ఏదమ్మా, నీ సంగీతం క్లాసులో ఏం నేర్పారో చెప్పు' అన్నట్టుగా.

ఆవిడ తన తాజా పుస్తకం గురించి చెప్పబోయింది. అది ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ మీద రాసింది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలను వదులుతాయా లేదా అన్న విషయాన్ని 1870లలో వరస ఫోటోలు తీసి తేల్చినాయన, సినిమా పుట్టుకకు దారి వేసినవాళ్లలో ఒకడు. మైబ్రిడ్జ్ పేరు చెవిన పడగానే ఇంటాయన ఆవిడ మాటకు అడ్డం వచ్చాడు. "ఈ ఏడాది మైబ్రిడ్జ్ మీద చాలా ముఖ్యమైన పుస్తకం ఒకటి వచ్చింది, దాని గురించి విన్నారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా దాని గొప్పతనం వివరించడం మొదలుపెట్టాడు. పక్కనున్న స్నేహితురాలు "అది ఈవిడ రాసిందే" అంది. ఆయనకు వినపడలేదు. మళ్లీ చెప్పింది. మూడు నాలుగు సార్లు చెప్పాక గానీ ఆ మాట ఆయన బుర్రకు ఎక్కలేదు, ఎక్కాక ముఖంలో రంగు పోయింది. తీరా చూస్తే ఆయన ఆ పుస్తకం చదవనే లేదు, కొన్ని నెలల క్రితం పత్రికలో వచ్చిన సమీక్ష చదివాడంతే.

2008 ఏప్రిల్‌లో సోల్నిట్ ఈ సంగతిని వ్యాసంగా రాసింది, టామ్‌డిస్పాచ్ అనే వెబ్‌సైట్‌లో వచ్చింది. చాలామంది దీన్ని నవ్వుకునే కథగా గుర్తుపెట్టుకున్నారు గానీ, ఇందులో ఒక చిన్న వివరం ఉంది, అసలు విషయమంతా అందులోనే ఉంది. ఆయన అంత ధీమాగా చెబుతుంటే ఆవిడకు కాసేపు తన మీదే అనుమానం వచ్చింది. ఇదే మైబ్రిడ్జ్ మీద ఇదే ఏడాది ఇంకెవరో ఇంకో పుస్తకం రాశారేమో, తానే గమనించలేదేమో అనుకుంది. ఏళ్ల తరబడి ఆ విషయం మీద పనిచేసిన మనిషి, ఒక సమీక్ష చదివిన మనిషి మాట విని తన జ్ఞానాన్ని పక్కన పెట్టడానికి సిద్ధపడింది. ఎదుటివాడికి రాని అనుమానం ఈవిడకు ఎందుకు వచ్చింది అన్నదే ఆ వ్యాసం అడిగిన ప్రశ్న.

ఇంతకీ మ్యాన్‌స్ప్లెయినింగ్ అనే మాట, అంటే ఆడమనిషికి ముందే తెలిసిన విషయాన్ని ఆమెకు తెలియదన్నట్టు మగవాడు వివరించడం, ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. ఈ మాటను సోల్నిట్ పుట్టించిందని చాలాచోట్ల రాస్తుంటారు, అది పొరపాటు, ఆవిడే ఆ మాట తనది కాదని చెప్పింది. వ్యాసం వచ్చిన కొద్ది వారాలకే లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్‌లో ఎవరో ఒక చర్చలో ఈ మాట వాడారు. ఊరూ పేరూ తెలియని ఆ వ్యాఖ్య నుంచి మాట ప్రయాణం మొదలైంది. 2010లో న్యూయార్క్ టైమ్స్ ఆ ఏటి మాటల జాబితాలోకి ఎక్కింది. ఆస్ట్రేలియా వాళ్ల మక్వారీ నిఘంటువు 2014 సంవత్సరపు మాటగా దీన్నే ఎంచుకుంది. 2018లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువూ, అమెరికాలో మెరియమ్ వెబ్‌స్టరూ చేర్చుకున్నాయి. ఒక మాట పుట్టిన పదేళ్లలో ఇన్ని గడపలు దాటిందంటే ఆ మాట కోసం ఎంతమంది ఎదురుచూస్తూ ఉండి ఉండాలి! అనుభవం పాతదే, తనకు బాగా తెలిసిన విషయాన్నే ఒక మగవాడు తనకు నేర్పిస్తుంటే తలూపుతూ కూర్చోవాల్సి రాని ఆడమనిషి ఉండదేమో. దానికి పేరు లేదు, అంతే. పేరు లేని బాధ గురించి పక్కవాళ్లకు చెప్పాలంటే ప్రతిసారీ కథంతా మొదటి నుంచీ చెప్పాలి, చెప్పాక కూడా "దానికెందుకమ్మా అంత బాధ, పాపం మంచికే చెప్పాడుగా" అంటారు.

మాట నిర్మాణం సులువే. మ్యాన్ అంటే మగవాడు, ఎక్స్‌ప్లెయిన్ అంటే వివరించడం, రెండోదాని ముందు భాగం తీసేసి అతికించారు. ఎక్స్‌ప్లెయిన్ అన్నది లాటిన్ నుంచి వచ్చింది, అక్కడ దాని అసలు అర్థం చదును చేయడం, ఎగుడుదిగుళ్లు తీసి సమం చేయడం. మన వివరణ అన్న మాట సంస్కృతంలో కప్పు తీసి చూపడం, తెరవడం అన్న అర్థంలోంచి వచ్చింది. ఒకచోట చదును చేయడం, ఒకచోట మూత తీయడం, రెండింటిలోనూ ఎదుటివాళ్లకు దారి సులువు చేయాలన్న ఉద్దేశమే ఉంది. ఎదుటివాళ్లకు ఆ దారి ముందే తెలుసేమో అన్న ఆలోచన లేకుండా చదును చేయడం మొదలుపెడితే అది వివరణ కాదు, నువ్వు కిందున్నావు నేను పైనున్నాను అని చెప్పడం.

ఇంగ్లీషులో దీనికంటే పాత మాటలు రెండున్నాయి, వాటి కథ కూడా తెలుసుకోవాలి. ఒకటి పేట్రనైజ్. లాటిన్‌లో పాటర్ అంటే తండ్రి, దాన్నుంచి పేట్రన్, అంటే కాపాడేవాడు, పోషకుడు. మొదట్లో పేట్రనైజ్ అంటే అండగా నిలవడమే. ఇవాళ కూడా ఒక కొట్లో అలవాటుగా సరుకులు కొనేవాళ్లను పేట్రన్స్ అంటారు. 18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి అదే మాటకు ఎదుటివాణ్ణి చిన్నపిల్లాడిలా చూడడం అన్న చెడ్డ అర్థం పట్టుకుంది. రెండోది కాండిసెండ్, అంటే కిందికి దిగి రావడం. ఒకప్పుడు ఇది పొగడ్త. జమీందారు గారు మెట్లు దిగి వచ్చి రైతుతో నవ్వుతూ మాట్లాడితే ఎంత నిగర్వో అనుకునే కాలంలో, దిగి రావడం గొప్ప గుణమే. మనుషులంతా సమానం అన్న ఆలోచన బలపడ్డాక అదే చర్య అవమానంగా తోచింది, నువ్వు దిగి వచ్చావంటే నేను కింద ఉన్నానని నువ్వు ముందే అనుకున్నావన్నమాట. దిగి వచ్చినవాడు చేసే పనిలో తేడా ఏమీ లేదు, తేడా అంతా కింద నిలబడ్డవాడి మనసులో వచ్చింది. మ్యాన్‌స్ప్లెయినింగ్ కూడా ఇదే వరసలో పుట్టిన మాట, ఈసారి పేరు పెట్టింది మాత్రం కింద నిలబెట్టబడ్డవాళ్లు.

తెలుగులో దీనికి మాట ఉందా? సామెతలైతే కుప్పలుగా ఉన్నాయనిపిస్తుంది. తాతకు దగ్గులు నేర్పినట్టు. హనుమంతుడి ముందు కుప్పిగంతులు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు. పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా. తెలిసినవాళ్లకే తెలియజెప్పబోయే మనుషుల గురించి మనవాళ్లకు బాగానే తెలుసు. కానీ వీటిని కాస్త ఆగి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. వీటన్నిటిలో ఎగతాళికి గురయ్యేది చిన్నవాడే. తాతకు నేర్పబోయిన మనవడు, హనుమంతుడి ముందు గంతులేసిన కుర్రకోతి, పిల్ల కంటే వెనకొచ్చిన గుడ్డు, మేనమామ ముందు పుట్టింటి గొప్పలు చెప్పుకుంటున్న ఆడపిల్ల. పైవాడి ముందు కిందివాడు ఎక్కువ మాట్లాడకూడదు అన్న హెచ్చరిక ఈ సామెతల్లో ఉంది. ఆస్పెన్‌లో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ డబ్బు, వయసు, ఇల్లు, మగతనం అన్నీ మాట్లాడేవాడి వైపే ఉన్నాయి, జ్ఞానం ఒక్కటే ఎదుటివైపు ఉంది. పైనున్నవాడు తనకు తెలియనిది తెలిసినట్టు కిందివాళ్లకు చెబితే దాన్ని ఎగతాళి చేసే సామెత కోసం వెతుక్కోవాలి, ఎందుకంటే మన దగ్గర పెద్దవాళ్లు చెబితే వినాలి. చిన్నవాళ్లు మీరితే అధికప్రసంగం అంటాం, పెద్దవాళ్లు అదే పని చేస్తే అనుభవం అంటాం.

ఉన్నంతలో దగ్గరికొచ్చే సామెత ఒక్కటే, చెప్పేవాడికి వినేవాడు లోకువ. చెప్పడం అనే పనిలోనే ఎదుటివాళ్లను తక్కువ కట్టడం దాగి ఉందని ఇంత సూటిగా చెప్పిన మాట ఇంగ్లీషులో కూడా అరుదు. అయితే ఈ సామెతలో చెప్పేవాడు ఎవరైనా కావచ్చు, వినేవాడు ఎవరైనా కావచ్చు. ఇంగ్లీషు మాట తెచ్చిన కొత్తదనం అంతా ఇక్కడే ఉంది. ఈ లోకువ అందరికీ సమానంగా పంచినది కాదని, నోరు తెరవకముందే ఎవరు చెప్పేవాళ్లో ఎవరు వినేవాళ్లో ఖాయమైపోయి ఉంటుందని అది బయటపెట్టింది. ఆలుమగలు కారు కొనడానికి షోరూంకి వెళ్లి, భార్య మైలేజీ గురించి అడిగితే సేల్స్ అబ్బాయి జవాబు భర్త ముఖం చూసి చెబుతాడు. తెల్లకోటు వేసుకుని వార్డులో నిలబడ్డ లేడీ డాక్టర్‌ను "సిస్టర్, డాక్టర్ గారు ఎప్పుడొస్తారు?" అని అడుగుతారు. ఆ అడిగినవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, చాలాసార్లు అడిగేది ఇంకో ఆడమనిషే. తెలిసినవాళ్లు అనగానే కళ్ల ముందు ఒక మగమనిషి బొమ్మ వచ్చేస్తుంది, అంతే.

అంతరిక్షయాత్రికులకు కూడా దీన్నుంచి మినహాయింపు లేదు. 2016 సెప్టెంబర్‌లో నాసా వ్యోమగామి జెస్సికా మేయర్ శిక్షణలో భాగంగా గాలి ఒత్తిడి బాగా తగ్గించిన గదిలోకి స్పేస్ సూట్ వేసుకుని వెళ్లింది. 63,000 అడుగుల ఎత్తు దాటితే, అంటే సుమారు 19 కిలోమీటర్ల పైన, గాలి ఒత్తిడి ఎంత తగ్గిపోతుందంటే మన ఒంటి వేడికే నీళ్లు మరుగుతాయి. ఆ వీడియో ట్విట్టర్‌లో పెట్టి, ఇక్కడ నీళ్లు వాటంతటవే మరుగుతాయి అని రాసింది. ఒకతను వచ్చి, వాటంతటవే అనకూడదు, గదిలో ఒత్తిడి నీటి ఆవిరి ఒత్తిడి కంటే తగ్గింది కాబట్టి మరిగాయి, ఇది మామూలు థర్మోడైనమిక్స్ అని సరిదిద్దాడు. మేయర్ డాక్టరేట్ చేసిన శాస్త్రవేత్త, ప్రాణుల శరీరాలు కఠిన పరిస్థితుల్లో ఎలా తట్టుకుంటాయన్నది ఆవిడ పరిశోధన. పైగా ఆవిడ వాడిన మాట తప్పు కూడా కాదు. ఉన్న పరిస్థితుల్లో బయటి నుంచి ఇంకేమీ తోడు లేకుండా తనకు తానుగా జరిగే మార్పును థర్మోడైనమిక్స్‌లో ఆ మాటతోనే పిలుస్తారు, దాన్ని ఏ కారణమూ లేకుండా జరగడం అని అతను అర్థం చేసుకున్నాడు. అంటే సరిదిద్దబోయినవాడే ఆ మాటకు శాస్త్రంలో ఉన్న అర్థాన్ని పట్టించుకోలేదు. మూడేళ్ల తర్వాత, 2019 అక్టోబర్ 18న, ఇదే జెస్సికా మేయర్ క్రిస్టీనా కోక్‌తో కలిసి, మగవాళ్లెవరూ లేని మొట్టమొదటి స్పేస్‌వాక్ చేసింది.

ఈ ఉదాహరణలో గమనించాల్సింది అతను వివరించాడన్నది కాదు. వివరించడం తప్పు కాదు, తెలియనివాళ్లకు విడమరచి చెప్పడం కంటే మంచి పని ఇంకేముంటుంది. ఇంజనీరు నాన్న కూతురికి ఫ్యూజు ఎలా వేయాలో చూపిస్తే, టీం లీడ్ కొత్తగా చేరిన అమ్మాయికి కోడ్ ఎక్కడ దొరుకుతుందో చెబితే దాన్ని ఈ పేరుతో పిలవడం అన్యాయం. మనవాళ్లు క్లాసు పీకడం అంటుంటారు, అది కూడా ఇది కాదు, క్లాసు పీకేది తప్పు చేసినవాళ్లకు, అందులో ఆడ మగ తేడా ఉండదు. మ్యాన్‌స్ప్లెయినింగ్ అనాలంటే మూడు కలవాలి. ఎదుటి ఆడమనిషికి ఆ విషయం తెలిసి ఉండొచ్చన్న ఆలోచన రాకపోవడం, తెలుసని ఆమె చెప్పినా చెవికి ఎక్కకపోవడం, చెప్పేవాడికి తన తెలివి మీద అనుమానమే లేకపోవడం. వీటిలో రెండోదే అన్నిటికంటే బరువైనది. ఆస్పెన్ పెద్దమనిషి మొదటి వాక్యానికి ఎవరైనా క్షమిస్తారు, తెలియక అడిగాడు. 'ఆ పుస్తకం ఈవిడదే' అని చెప్పాక కూడా మూడు నాలుగు సార్లు వినకపోవడం మాత్రం తెలియక చేసింది కాదు, ఆ మాట చెప్పింది ఎవరు, ఎవరి గురించి అన్నదాన్ని బట్టి దాన్ని మనసు లోపలికి రానివ్వకపోవడం.

అందుకే సోల్నిట్ వ్యాసం పార్టీ కబుర్లతో ఆగదు. అందులో ఇంకో సంగతి ఉంది, పార్టీ కథ చెప్పుకున్నంతగా దీన్ని చెప్పుకోరు గానీ అసలు చెప్పుకోవాల్సింది ఇదే. సోల్నిట్ చిన్న వయసులో ఉన్నప్పుడు ఒక అణుశాస్త్రవేత్త క్రిస్మస్ రోజున నలుగురిలో ఒక కథ చెప్పి నవ్వాడు. ఆయన ఉండే కాలనీలో, అణుబాంబుల పరిశోధన చేసేవాళ్లు కాపురముండే కాలనీ అది, ఒక అర్ధరాత్రి పొరుగింటావిడ ఒంటి మీద బట్టలు లేకుండా బయటికి పరుగెత్తుకొచ్చి 'నా మొగుడు నన్ను చంపేస్తున్నాడు' అని అరిచిందట. నిజంగా చంపబోవడం లేదని మీకెలా తెలుసు అని సోల్నిట్ అడిగింది. వాళ్లు మర్యాదస్తుల కుటుంబం అని ఓపికగా వివరించాడు. ఆయన లెక్కలో మర్యాదస్తుడు భార్యను చంపబోడు, ఆవిడకు పిచ్చి అనుకోవడమే సులువు. పుస్తకం రాసింది ఈవిడే అన్న మాట వినపడకపోవడం, ప్రాణం పోతోంది కాపాడండి అన్న మాట వినపడకపోవడం, రెండూ ఒక్కటి కావు. వీటి మధ్య దూరం చాలా ఉంది. కానీ రెండూ ఒకే దారిలో ఉన్నాయని ఆ వ్యాసం చూపిస్తుంది. చిన్న చిన్న చోట్ల ఆడమనిషి మాటను సాక్ష్యంగా తీసుకోని అలవాటు, పోలీస్ స్టేషన్‌లోనూ, కోర్టులోనూ, పంచాయితీలోనూ అలాగే కొనసాగుతుంది.

మాట మీద విమర్శలూ ఉన్నాయి, వాటిని కొట్టిపారేయకూడదు. సోల్నిట్‌కే ఈ మాట అంతగా నచ్చలేదు. కొందరు మగవాళ్లు చెప్పకూడనిది చెబుతారు, వినాల్సింది వినరు అన్నది తన వాదన అయితే, ఈ మాట మగపుట్టుకలోనే ఆ లోపం ఉన్నట్టు ధ్వనిస్తుందని ఆవిడ అభ్యంతరం. ఇంకో సమస్య ఎక్కువ వాడకం. ఆన్‌లైన్‌లో వాదన జరుగుతున్నప్పుడు ఎదుటివాడు మగవాడైతే చాలు, అతని వాదనకు జవాబు చెప్పకుండా ఈ ముద్ర వేసి పంపేయడం మామూలైపోయింది. ఎదుటివాళ్ల మాట వినకుండా తోసేయడాన్ని పట్టుకోవడానికి పుట్టిన మాటను, వినకుండా తోసేయడానికే వాడుతున్నారన్నమాట. అలా వాడిన ప్రతిసారీ, నిజంగా అవసరమైన చోట దాని పదును కాస్త తగ్గుతుంది. మరోవైపు స్ప్లెయిన్ అన్న తోక మాత్రం ఊడి వచ్చి వేరే మాటలకు అతుక్కుంది, నల్లజాతివాళ్లకు జాత్యహంకారం అంటే ఏమిటో తెల్లవాళ్లు వివరిస్తే వైట్‌స్ప్లెయినింగ్ అన్నారు. కులం గురించి, ఆ బాధ పడినవాళ్లకే పడనివాళ్లు పాఠం చెప్పే సందర్భం మన దగ్గర రోజూ కనపడుతుంది, దానికి ఇంకా అందరి నోటా పలికే మాట రాలేదు.

వేరే భాషల వాళ్లు ఈ మాటను ఎలా తెచ్చుకున్నారో చూస్తే ముచ్చటగా ఉంటుంది. జర్మన్‌లో ఎర్‌క్లేరెన్ అంటే వివరించడం, హెర్ అంటే అయ్యగారు, రెండూ కలిపి హెర్‌క్లేరెన్ అన్నారు, పలకడంలో ముందు ఒక చిన్న 'హ' చేరిందంతే. ఫ్రెంచివాళ్లు మెక్ అనే మాటను, అంటే మనం ఏదో మామూలుగా ఆ మనిషి, ఆ కుర్రాడు అంటాం కదా, దాన్ని ఎక్స్‌ప్లికేషన్ ముందు పెట్టారు. ఐస్‌లాండ్ వాళ్లది అన్నిటికంటే అందమైనది. వాళ్ల భాషలో ఊట్‌స్కీరింగ్ అంటే వివరణ, హ్రూటుర్ అంటే పొట్టేలు, కలిపితే హ్రూట్‌స్కీరింగ్, అంటే పొట్టేలు వివరణ. గొర్రెల మధ్య బతికే దేశం కాబట్టి, కొమ్ములు ముందుకు పెట్టి దూసుకొచ్చే పొట్టేలు అక్కడ ఎవరికైనా కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. మన తెలుగులో మాత్రం మ్యాన్‌స్ప్లెయినింగ్ అనే రాస్తున్నారు. దీనికి సంస్కృత సమాసం ఒకటి తయారుచేసి పాఠ్యపుస్తకాల్లో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, ఎవరూ పలకరు. వంటింట్లోనో ఆఫీసు క్యాంటీన్‌లోనో నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఎవరి నోట్లోంచైనా పొట్టేలు లాంటి మాట ఒకటి ఊడిపడితే అదే నిలబడుతుంది. ఇంగ్లీషులో కూడా జరిగింది అదే, పేరు తెలియని ఎవరో ఒకరు ఒక వ్యాఖ్యలో అనేశారు.

ఇదంతా మనసుకు తోచే విషయమే తప్ప లెక్కకు దొరకదు అనేవాళ్లు ఉన్నారు. వివరణలను లెక్కపెట్టడం కష్టమే గానీ, దాని పక్కింటి అలవాటు, అంటే మాటకు అడ్డురావడం, లెక్కకు దొరుకుతుంది. అమెరికా సుప్రీంకోర్టు వాదనల్లో ప్రతి మాటా రికార్డవుతుంది కాబట్టి, టొంజా జకోబీ, డిలన్ ష్వియర్స్ అనే ఇద్దరు 2017లో ఆ రికార్డులు తీసి చూశారు. 2015లో ఆ కోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఆడవాళ్లు ముగ్గురే, అడ్డుపడిన సందర్భాల్లో దాదాపు 66 శాతం ఆ ముగ్గురి మాటలకే. దేశంలో అంతకంటే పెద్ద కుర్చీ లేదు, అయినా అడ్డం రావడం ఆగలేదు. న్యాయమూర్తులకు మధ్యలో అడ్డురాకూడదన్నది లాయర్లకు ఉన్న నియమం, వాళ్లు కూడా అడ్డొచ్చారు. అనుభవం పెరిగే కొద్దీ ఆడ న్యాయమూర్తులు తమ మాట తీరు మార్చుకున్నారని కూడా ఆ పరిశోధనలో తేలింది. మొదట్లో 'నేనొకటి అడగొచ్చా', 'క్షమించండి' అంటూ మర్యాదగా మొదలుపెట్టేవాళ్లు, ఆ మర్యాద వాక్యం పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు దూరిపోతున్నారని గ్రహించి, నేరుగా ప్రశ్నతో మొదలుపెట్టడం నేర్చుకున్నారు.

2021 అక్టోబర్‌లో ఆ ముగ్గురిలో ఒకరైన జస్టిస్ సోనియా సోటోమేయర్ ఒక సభలో ఈ పరిశోధన గురించి మాట్లాడింది. తన సహోద్యోగుల మీద అది బాగా పనిచేసిందని, వాదనలు జరిపే పద్ధతి మారడానికి కొంతవరకు అదే కారణమని చెప్పింది. ఇప్పుడు లాయర్ వాదన సమయం అయిపోయాక న్యాయమూర్తులు సీనియారిటీ వరసలో ఒక్కొక్కరుగా ప్రశ్నలు అడుగుతారు. ఒకరి వంతు నడుస్తుంటే మామూలుగా ఇంకొకరు మధ్యలో రారు.